యాకోబు పట్టు

"ఆ ఉద్యోగం నాది. ముప్పై రెండేళ్ళ కింద నాది, ఇప్పుడూ నాదే. నా దగ్గర కొట్టేసిన దానికి నన్నే వచ్చి సంతకం పెట్టమంటే ఎట్టా పెడతాను?"

రూబెన్ గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు. జయకుమారి లోపల చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తలెత్తలేదు. పొద్దున తొమ్మిదింటికి కూర తరుక్కోకపోతే ఆవిడకి ఆ రోజు పని ముందుకి సాగదు, ఇంటికి ఎవరొచ్చినా సరే.

"మీరే కదండీ వచ్చారు బావగారూ. ఈ పూట నేను రమ్మన్నానా?"

"నేనెక్కడొచ్చాను? వాడు లాక్కొచ్చాడు. ఆదివారం నుంచీ మడమ వదలట్లేదు. డ్యూటీలో లిఫ్టు ఎక్కబోతే ఎక్కనివ్వడు. వైశాలిలో మెట్రో ఎక్కి ద్వారక దాకా వచ్చాను, ఖాళీ సీటు ఎదురుగా ఉన్నా కూర్చోనివ్వలేదు. పోయి మూడేళ్ళయింది, ఇంకా ఏం కావాలంట మీ ఆయనకి?"

"నన్నడిగితే నాకేం తెలుసు? మడమ మీది, తమ్ముడూ మీ తమ్ముడే."

"నేను పోతున్నా" అని రూబెన్ వెనక్కి తిరిగాడు. ఎడమ కాలు గుమ్మం దాటింది. కుడి కాలు దాటలేదు. బూటు ముక్కు లేచింది, లోపల వేళ్ళు లేచాయి, మడమ మాత్రం నేలకి మేకు కొట్టినట్టు ఉండిపోయింది.

పాలప్యాకెట్లు పట్టుకుని మెట్లెక్కుతున్న చావ్లా ఆంటీ ఆయన్ని చూసి ఆగింది. "పకడ్ లియా క్యా? బైఠ్ జావో భాయీసాబ్, కమర్ దుఖేగీ" అని, నడుం నొప్పెడుతుంది కూర్చోమని సలహా ఇచ్చి, ఆయన పక్కనుంచి ఒదిగి పై అంతస్తుకి వెళ్ళిపోయింది.

రూబెన్ గుమ్మంలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

ఆ మడమ సంగతి గల్లీలో అందరికీ తెలుసు, చర్చిలో అందరికీ తెలుసు. నర్సాపురం దగ్గర వాళ్ళ పేటలో వాళ్ళమ్మకి కవలలు పుట్టారు. ముందు రూబెన్ వచ్చాడు. ఆ వెనకే తమ్ముడు, అన్న కుడి మడమని ఎడమ చేత్తో పట్టుకుని వచ్చాడు. మంత్రసాని ఆ బుల్లి వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది గానీ పట్టు మాత్రం విప్పలేకపోయింది. పాస్టరుగారు చూసి, "ఇంకేం ఆలోచించక్కర్లేదు. పెద్దవాడు ఏశావు, చిన్నవాడు యాకోబు" అన్నాడు. బాలింత మంచం మీంచే, "చిన్నోడికి మీ ఇష్టం. పెద్దోడికి ఆ పేరు పెట్టారంటే మాత్రం నేను చర్చి గడప తొక్కను" అంది. బైబిల్లో ఆ అన్నదమ్ముల కథ తెలియని ఇల్లు ఆ పేటలో లేదు. ఆకలితో వచ్చిన అన్నకి చిక్కుడుకాయల కూర పెట్టి, బదులుగా పెద్దరికం రాయించుకున్న తమ్ముడే ఆ యాకోబు. అందుకని పెద్దోడు రూబెన్ అయ్యాడు. పేరు తప్పింది గానీ, బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రూబెన్ చిక్కుడుకాయ నోట పెట్టలేదు.

ఇద్దరూ పోట్లాడుకుని రూబెన్ విసురుగా వెళ్ళబోయాడంటే మడమ దగ్గర ఆగిపోయేది. తమ్ముడు పక్క వీధిలో ఉన్నా సరే. "ఏరా ఆలస్యం?" అని బళ్ళో మేష్టారు అడిగితే, "తమ్ముడు పట్టుకున్నాడండీ" అనేవాడు. "సరే కూర్చో" అనేవాడు మేష్టారు. చిన్నోడి చెయ్యి పెరిగేకొద్దీ పెద్దోడి మడమ మీద వేళ్ళ గుర్తులూ పెరిగాయి. సాక్సులేసుకునే వయసొచ్చాక, కుడి సాక్సుకి మడమ దగ్గర ఐదు బొక్కలు పడేవి.

ఇద్దరికీ ఇరవై రెండేళ్ళప్పుడు మిషన్ డాక్టరమ్మ ఒక చీటీ రాసిచ్చింది. ఢిల్లీలో పెద్ద ఆసుపత్రిలో మేట్రన్ తనకి తెలుసనీ, ఈ పిల్లాడికి వార్డులో పని ఇప్పించమనీ. చీటీలో పేరు లేదు. తండ్రి మాత్రం పెద్దోడే వెళ్ళాలన్నాడు. టిక్కెట్టు కొన్నారు. ఆ వారమే రూబెన్‌కి పచ్చకామెర్లు తగిలాయి. ప్రయాణం రోజు తెల్లారుజామున మడమ పట్టి ఎవరో లాగితే మంచం మీంచి కింద పడ్డాడు. వీధి గుమ్మం దాకా ఈడ్చుకుపోయాక గానీ తెలియలేదు, తమ్ముడు చీటీ, టిక్కెట్టు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడని.

తర్వాత ఆరేళ్ళు రూబెన్ ఊళ్ళో ఢిల్లీ ఉన్న ఉత్తర దిక్కుకి ఒరిగి నడిచాడు. ఎముకల డాక్టరు కాలు నొక్కి చూసి, చీటీ మీద "తమ్ముడు" అని రాసి, మందులేవీ రాయకుండా పంపేశాడు. ఆఖరికి తనూ ఢిల్లీ వచ్చేశాడు. ఇందిరాపురంలో ఇరవై అంతస్తుల సొసైటీలో లిఫ్టులు చూసుకునే పని. తమ్ముడింటికి మాత్రం వెళ్ళలేదు. ముప్పై రెండేళ్ళలో ఒక్కసారి వచ్చాడు, తమ్ముడి సమాధికి. మట్టి వేసి తిరిగి వెళ్ళబోతే మడమ రాలేదు. పలుగు పట్టుకున్నవాళ్ళు గంటసేపు చెట్టు కింద కూర్చుని బీడీలు కాల్చుకుంటూ ఆయన కోసం ఆగారు. ఆ తర్వాత మూడేళ్ళు మడమ ఊసెత్తలేదు.

మళ్ళీ ఈ ఆదివారం మొదలైంది. ఆదివారం చర్చిలో జయకుమారి అందరి ముందూ లేచి, తన కూతురు పెర్సిస్ కోసం ప్రార్థన చెయ్యమంది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి గడువు. ఇవాళే ఆ శుక్రవారం.

గడువు దేనికంటే, తండ్రి పోయిన మూడేళ్ళ లోపు బిడ్డ ఆయన ఉద్యోగానికి అడగొచ్చు. పెర్సిస్ అడిగింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ప్రైవేటు నర్సింగ్ హోంలో కాంట్రాక్టు మీద పన్నెండేసి గంటలు నిలబడుతోంది. రేపట్నుంచి రావద్దంటే రావద్దు, అంతే. తండ్రి ఉద్యోగం వస్తే కూర్చోడానికి ఒక స్టూలు, నిలబడడానికి ఒక నేల. ఫైలు అంతా సరిగ్గానే ఉంది, తండ్రి పేరు తప్ప.

యాకోబు పేరు ఢిల్లీ వచ్చాక నాలుగు ముక్కలైంది. ఆసుపత్రి సర్వీసు బుక్కులో జేమ్స్. పెళ్ళి సర్టిఫికెట్‌లో జాకబ్. పెర్సిస్ చదివిన తెలుగు బళ్ళో టీచరు రాసింది యాకోబు. ఆధార్ దగ్గర హిందీ కుర్రాడు విన్నది యాకూబ్, దాన్ని చూసి మరణ ధ్రువీకరణ పత్రంలోనూ అదే ఎక్కించారు. ఆసుపత్రి ఆఫీసులో ఫైలు చూసే త్యాగీ నాలుగు కాగితాలూ టేబుల్ మీద పేకముక్కల్లా పరిచి, "మాతాజీ, ఆప్‌కే కిత్నే పతి థే?" అన్నాడు.

"ఒక్కడే. ఆ ఒక్కడితోనే చాలైంది" అంది జయకుమారి. హిందీలోనే అంది, త్యాగీకి అర్థమవ్వాలని.

పెర్సిస్ ఫోను తీసి చూపించింది. "సర్, సబ్ ఏక్ హీ నామ్ హై. గూగుల్ పర్ లిఖా హై."

"గూగుల్ గెజిటెడ్ ఆఫీసరా?" అన్నాడు త్యాగీ. "పుట్టిన దగ్గర్నుంచీ ఎరిగిన రక్తసంబంధీకుడు, ఆయనకన్నా పెద్దవాడు, ఈ నలుగురూ ఒక్కడేనని నోటరీ కాగితం మీద సంతకం పెట్టాలి. అప్పుడు రండి."

అమ్మానాన్నలు ఎప్పుడో పోయారు. పుట్టిన దగ్గర్నుంచీ ఎరిగినవాడు, పెద్దవాడు, ఒక్కడే మిగిలాడు. పెద్దవాడంటే పావుగంట పెద్దవాడు. రెండు నెలలుగా పెర్సిస్ ఫోన్లు చేస్తే ఎత్తడు. సమాధి మీద రాయి పాతి మూడేళ్ళయినా దాని మీద పేరు లేకపోవడానికీ ఆయనే కారణం. జేమ్స్ అని రాద్దామంది ఆసుపత్రి స్టాఫు. సర్టిఫికెట్‌లో ఉన్నట్టు యాకూబ్ అనే రాయాలన్నాడు సమాధుల తోట మేనేజరు. యాకోబు అంది జయకుమారి. "దొంగ పేర్లేవీ రాయొద్దు" అని రూబెన్ ఎవరిచేతో కబురు పంపాడు. రాయి అట్టాగే నున్నగా ఉండిపోయింది.

పదింటికి పెర్సిస్ డ్యూటీ నుంచి వచ్చింది. గుమ్మంలో కుర్చీ, కుర్చీలో మనిషి. "నమస్తే పెదనాన్నా. థోడా సైడ్" అంది. కుర్చీని పక్కకి జరిపి లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి తల్లి పక్కన కూర్చుని తనూ చిక్కుడుకాయలు అందుకుంది. ఏడుపు లేదు, బతిమాలడం లేదు. రూబెన్‌కి అదే ఇబ్బందిగా ఉంది.

"నీ మీద నాకేం కోపం లేదే అమ్మాయ్" అన్నాడు.

"పతా హై."

"మీ నాన్న చేసిన పనికి..."

"పెదనాన్నా, పాంచ్ బజే ఆఫీస్ బంద్. గుస్సా ఛే బజే కర్ లేనా" అంది, కోపం ఆరింటికి పడొచ్చన్నట్టు.

అప్పుడే రాజరత్నం మెట్లెక్కి వచ్చాడు. చర్చి పెద్ద. డెబ్బై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళు బైబిళ్ళు అచ్చేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. ఏ భాషలో ఏ పేరు ఎట్టా రాస్తారో ఆయన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. నిద్రలో లేపేవాళ్ళు లేకపోవడమే ఆయన బాధ.

"వందనాలమ్మా. ఏరా రూబెనూ, పట్టుకున్నాడా?"

"పట్టుకున్నాడండీ."

"పట్టుకోడా మరి? ఆ పేరంటేనే అది. హెబ్రీలో మడమని అకేవ్ అంటారు. దాన్నుంచే యఅకోవ్. మడమ పట్టుకున్నవాడు." ఆయన మంచం మీద చతికిలబడి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "ఆ త్యాగీ కోసం రాత్రంతా కూర్చుని రాశాను. యఅకోవ్ గ్రీకువాళ్ళ దగ్గరికెళ్ళి యాకోబోస్ అయ్యాడు, లాటిన్లో యాకోబుస్. అరబ్బుల దగ్గర యాకూబ్. ఇటలీలో జాకొమో, ఫ్రాన్సులో జాక్. స్పెయినోళ్ళు సంత్ యాగో అని పిలిచి పిలిచి ఆఖరికి సాంతియాగో చేశారు."

"ఇవన్నీ బానే ఉన్నాయండీ" అన్నాడు రూబెన్. "యాకోబు జాకబ్ అయ్యాడంటే ఒప్పుకుంటా. జేమ్స్ ఎట్టయ్యాడు? దానికీ దీనికీ పోలికేముంది? దొర పేరు కావాలని పెట్టుకున్నాడు, అంతే."

"అక్కడే ఉందిరా తమాషా. యాకోబుస్‌ని కొందరు యాకోముస్ అన్నారు. బ కాస్తా మ అయింది. మనకి జలుబు చేస్తే అమ్మని అబ్బ అంటాం చూడు, వాళ్ళకి అది తిరగబడిందన్నమాట. ఆ యాకోముస్‌ని ఇంగ్లీషోళ్ళు నమిలీ నమిలీ జేమ్స్ చేసి ఊశారు. అదీ ఇదీ ఒకటే పేరు."

పెర్సిస్ నవ్వింది. "మతలబ్, పాపాకి జుకామ్ హో గయా."

రూబెన్ నవ్వలేదు. "ఒకటే పేరైతే, ఇంగ్లీషు బైబిల్లో రెండూ ఎందుకున్నాయి? జాకబూ ఉన్నాడు, జేమ్సూ ఉన్నాడు."

"తెలుగులో ఇద్దరూ యాకోబులే. హిందీలో ఇద్దరూ యాకూబులే. ఇంగ్లీషువాడే విడదీశాడు. అన్న మడమ పట్టుకున్నాయన జాకబ్. ప్రభువు పిలవగానే వల వదిలేసి వచ్చిన చేపలాయన జేమ్స్."

"మరి మనోడికి జేమ్స్ ఎందుకు? మడమ పట్టుకున్నోడేగా? జాకబ్ అని చెప్పొచ్చుగా ఆసుపత్రిలో?"

రాజరత్నం కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశాడు. ప్రూఫులో దొరికేది కాదది. జయకుమారి చిక్కుడుకాయలు కడుగుతూ వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"మేట్రనమ్మ అడిగిందంట. ఆవిడ మలయాళీ. పేరేంటి అంటే ఈయన యాకోబు అన్నాడు. మా మలయాళంలోనూ ఇద్దరూ యాకోబులే, ఏ యాకోబువి నువ్వు, అన్న మడమ పట్టుకున్న యాకోబా, చేపల యాకోబా అందంట. ఇంగ్లీషులో రాయాలి కదా. ఆవిడ పెన్ను పట్టుకుని అట్టాగే చూస్తా ఉంది. ఆఖరికి, చేపల యాకోబునండీ అన్నాడు."

"ఎందుకూ?"

"ఎందుకేంటి బావగారూ? మీరక్కడ మంచం మీద పచ్చబడి పడున్నారు. మీ చీటీ ఈయన జేబులో ఉంది. మడమ పట్టుకున్న యాకోబుని నేనే అని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? సిగ్గేసింది. పెళ్ళైన కొత్తలో చెప్పాడు నాకు. దొర పేరూ కాదు, ఏమీ కాదు."

రూబెన్ తన కుడి కాలి వంక చూసుకున్నాడు.

"మరి నాకెవరూ చెప్పలేదే?"

"మీరు అడిగితే కదా. ముప్పై రెండేళ్ళు అరుస్తూనే ఉన్నారు, ఒక్కసారీ అడగలేదు."

కుక్కర్ కూతేసింది. పెర్సిస్ లేచి స్టవ్ తగ్గించింది. కాసేపటికి రూబెన్ మెల్లిగా అన్నాడు. "నెలకోసారి లాగేవాడు. ఒకటో తారీఖున. ఢిల్లీ వచ్చాకా అంతే. ఎక్కిరిస్తున్నాడనుకునేవాణ్ణి."

"ఒకటో తారీఖున జీతం రిజిస్టర్లో సంతకం పెట్టేవాడు, జేమ్స్ అని" అంది జయకుమారి. "ఎక్కిరించేవాడైతే పట్టుకుంటాడా? వదిలేసి పోతాడు."

కూర ఉడికింది. జయకుమారి నాలుగు పళ్ళాల్లో అన్నం పెట్టి చిక్కుడుకాయ కూర వేసింది. రూబెన్ పళ్ళెం చూసి వెనక్కి జరిగాడు.

"ఆ కూర నేను తిననని తెలుసుగా."

"ఇవాళ బండి మీద ఇవే ఉన్నాయి. మీరొస్తారని నాకేమైనా కలొచ్చిందా?"

రాజరత్నం అప్పటికే ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగి, "ఒరే, ఇంకో సంగతి చెప్పనా?" అన్నాడు. "ఆ అన్న తిన్నది చిక్కుడుకాయ కాదురా. హిందీలో చూడు, మసూర్ పప్పు అని ఉంటుంది. హెబ్రీలోనూ పప్పే. మన తెలుగులోనే చిక్కుడుకాయలైంది. తెలుగు చేసినాయన ఇంట్లో ఆ పూట చిక్కుడుకాయ కూర చేశారేమో."

రూబెన్ నోరు తెరిచాడు. "మసూర్ పప్పా? ఎర్రగా ఉంటుంది, అదా?"

"అదే."

"మా సొసైటీ క్యాంటీన్లో రోజూ అదేగా పెట్టేది! ఇరవై ఆరేళ్ళుగా రోజూ తింటున్నా!"

ముందు పెర్సిస్ పడీపడీ నవ్వింది. తర్వాత రాజరత్నం. రూబెన్ కాసేపు బిగపట్టుకుని కూర్చున్నాడు గానీ, పళ్ళెం దగ్గరికి లాక్కుని ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు.

"ఎట్టా ఉంది?" అంది జయకుమారి.

"ఉప్పు తక్కువైంది."

"యాభై నాలుగేళ్ళు తినకుండా ఉన్నారు, ఉప్పు సంగతి మీకేం తెలుసు?" అంటూనే ఉప్పుడబ్బా ఆయన ముందు పెట్టింది.

రూబెన్ పళ్ళెం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, గుమ్మం దగ్గరికి వెళ్ళి కుడి కాలు బయట పెట్టి చూశాడు. మడమ లేచింది. ఎడమవైపు, మెట్రో స్టేషన్ దారికి తిరగబోతే మళ్ళీ అతుక్కుంది. కుడివైపు, కోర్టు దారికి తిరిగితే లేచింది.

"పదండి మరి" అన్నాడు విసుగ్గా. "వీడితో వాదించే ఓపిక లేదు నాకు."

కోర్టు ముందు చెట్ల కింద టైపు మిషన్లు వరసగా ఉన్నాయి. ఖాళీగా ఉన్న ముసలి టైపిస్టు దగ్గర కూర్చున్నారు. పెర్సిస్ చెబుతుంటే ఆయన కొడుతూ పోయాడు. నాలుగు పేర్లూ వచ్చాక వేళ్ళు ఆపి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"యాకూబ్? యే తో మేరా నామ్ హై."

"మీరు కూడానా?" అన్నాడు రూబెన్, ఆయన చేతుల వంక అనుమానంగా చూసి.

"మీ తమ్ముడా? అన్నా?"

"తమ్ముడు. నా మడమ పట్టుకుని పుట్టాడు."

"అచ్ఛా" అని టైపిస్టు దాన్ని కూడా కొట్టేశాడు: పైన చెప్పిన వ్యక్తి నా తర్వాత పావుగంటకి, నా కుడి మడమ తన ఎడమ చేత్తో పట్టుకుని జన్మించాడు, యాకోబు, యాకూబ్, జాకబ్, జేమ్స్ అనువారు అతనొక్కడే, ఇది నాకు పుట్టుకతో తెలుసు. రూబెన్ కింద సంతకం పెట్టాడు. నోటరీ చదివి, ఎక్కడా ఆగకుండా, ముద్ర వేసింది.

ఆసుపత్రి ఆఫీసుకి చేరేసరికి నాలుగుంబావు. త్యాగీ బ్యాగు సర్దుకుంటున్నాడు. కాగితం అందుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. రూబెన్ ఆధార్ చూశాడు. మొహం చూశాడు. మళ్ళీ కాగితం చూశాడు.

"ఠీక్ హై. కానీ మీరు ఆయన అన్నయ్యేనని సబూత్? డబ్బులిస్తే అన్నయ్యలు చాలామంది దొరుకుతారు ఇక్కడ."

పెర్సిస్ మొహం పాలిపోయింది. "సర్, ట్విన్స్ థే. జుడ్వా."

"అందరూ అదే చెప్తారు బేటా. కాగితం కావాలి. ఫోటో, బర్త్ రిజిస్టర్, ఏదో ఒకటి."

నర్సాపురం పేటలో పాకలో పుట్టిన పిల్లలకి ఫోటో ఎక్కడిది? గోడ మీద గడియారం నాలుగూ ఇరవై అయిదు చూపిస్తోంది. పెర్సిస్ ఫైలు గుండెకి అదుముకుంది. పొద్దున్నించీ గట్టిగా ఉన్న పిల్ల, ఇప్పుడు పెదవి కొరుక్కుంది.

జయకుమారి త్యాగీ టేబుల్ మీదున్న పాత సర్వీసు బుక్కు తీసి తనే పేజీలు తిప్పింది. చదవడం పెద్దగా రాదు గానీ, ఏ పేజీలో ఏముందో ఆవిడకి తెలుసు. ఉద్యోగంలో చేరిన రోజున మొగుడి ఎడమ చేతి ఐదు వేళ్ళకీ సిరా పూసి వేయించిన ముద్రలు ఉన్న పేజీ దగ్గర ఆగింది.

"బావగారూ" అంది. "సాక్సు తియ్యండి."

రూబెన్ ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, బూటు విప్పి, ఐదు బొక్కల సాక్సు విప్పి, కాలు ఎత్తి త్యాగీ టేబుల్ మీద పెట్టాడు. మడమ చుట్టూ ఐదు వేళ్ళ గుర్తులు. ఎర్రగా, స్పష్టంగా, గీతలతో సహా.

త్యాగీ డ్రాయర్లోంచి భూతద్దం తీశాడు. మడమ చూశాడు. పుస్తకం చూశాడు. బొటనవేలు, చూపుడువేలు, ఒక్కొక్కటే సరిపోల్చాడు. చిటికెన వేలి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. చిన్నప్పుడు తాటాకు కోసుకున్న గాటు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

"మిల్ గయా" అన్నాడు. "ఆధార్ సే భీ పక్కా. దీని ఫోటోకాపీ పెట్టండి. రెండు కాపీలు, సెల్ఫ్ అటెస్టెడ్. జల్దీ."

జిరాక్సు మిషన్ వరండా చివర ఉంది. రూబెన్ ఒక కాలితో గెంతుకుంటూ వెళ్ళాడు, పెర్సిస్ చెయ్యి పట్టుకుంది. మిషన్ దగ్గరున్న ఆయన అద్దం తుడిచి, "హిలనా మత్ అంకుల్" అని మూత కాలి మీదకి దించాడు. పచ్చటి వెలుతురు ఆ చివర్నుంచి ఈ చివరికి పోయింది. మడమ, దాని మీద చెయ్యి, కాగితం మీదకి నల్లగా వచ్చాయి. రూబెన్ గోడకి ఆనించి రెండు కాపీల మీదా అడ్డంగా సంతకం పెట్టాడు.

నాలుగూ యాభైకి త్యాగీ ఫైలు మీద స్టాంపు వేశాడు. ఠప్పున చప్పుడైంది. అప్పుడే రూబెన్ ముందుకి తూలి టేబుల్ అంచు పట్టుకున్నాడు, ఎవరో వెనక పట్టుకుని ఉన్న తాడు వదిలేసినట్టు.

"క్యా హువా?"

"ఛోడ్ దియా" అన్నాడు రూబెన్.

"అచ్ఛా" అని త్యాగీ బ్యాగు తగిలించుకున్నాడు. "బేటా, జూన్ ఒకటిన జాయినింగ్. ఒరిజినల్స్ తెచ్చుకో."

బయట మెట్ల మీద కూర్చుని సాక్సు వేసుకోబోతూ రూబెన్ మడమ చూసుకున్నాడు. నున్నగా ఉంది. గుర్తు ఒక్కటి లేదు. చేత్తో తడిమాడు. సాక్సు, బూటు వేసుకున్నాడు. పక్కన కూర్చున్న పెర్సిస్ ఆయన చెయ్యి మీద చెయ్యి వేసి, మొదటిసారి తెలుగులో అంది. "ఆకలేస్తుందా పెదనాన్నా? కూర మిగిలింది."

ఆ తర్వాత వారం రోజులు రూబెన్ ఎక్కడికి వెళ్ళినా, కుడి కాలు ఎత్తబోయే ముందు కాస్త ఆగి చూసేవాడు. ఎవరూ పట్టుకునేవాళ్ళు కాదు. సొసైటీ గేటు దగ్గర గార్డు, "అంకుల్, నిటారుగా నడుస్తున్నారు ఈ మధ్య" అన్నాడు. అవునన్నాడు రూబెన్, పెద్ద సంతోషమేమీ లేకుండా.

ఆ పైన వచ్చిన ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురూ సమాధుల తోటకి వెళ్ళారు. రాయి చెక్కేవాడు ఉలి, సుత్తి పట్టుకుని ముందే వచ్చి కూర్చున్నాడు. మేనేజరు కూడా వచ్చి, సర్టిఫికెట్ ప్రకారమే రాయించాలని మొదలుపెట్టబోతే రాజరత్నం ఆయన భుజం మీద చెయ్యేసి, "హెబ్రీలో మడమని ఏమంటారో తెలుసా?" అని తోట ఆ చివరికి నడిపించుకుపోయాడు.

"కౌన్ సా నామ్?" అన్నాడు రాయి చెక్కేవాడు.

జయకుమారి రూబెన్ వంక చూసింది. "పెద్దవారు మీరు. మీరే చెప్పండి."

రూబెన్ బొగ్గుముక్క తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని, నున్నటి రాయి మీద పెద్ద పెద్ద అక్షరాలతో తెలుగులో రాశాడు. యాకోబు. రాయి చెక్కేవాడికి తెలుగు రాదు. తల ఒకపక్కకీ ఇంకోపక్కకీ వంచి చూశాడు. అక్షరాలు మూడు, సరే, అక్షరానికి ఎనభై అయిదు. మరి ఈ తోకలు, కొమ్ములు? వాటికీ ఉలి పెట్టాలి కదా, ఒక్కోదానికి ఇరవై.

"తోకలకి వేరే డబ్బులేంటయ్యా? తోక లేకపోతే అది మా తమ్ముడి పేరే కాదు" అన్నాడు రూబెన్.

"అందుకే ఇవ్వాలి అంకుల్."

రూబెన్ కాసేపు బేరమాడాడు. పెర్సిస్ పర్సు తియ్యబోతే వద్దన్నాడు. జయకుమారి కొంగు ముడి విప్పబోతే ఆవిడ్నీ వద్దన్నాడు. మూడు అక్షరాలు, మూడు గుణింతాలు. జేబులోంచి నోట్లు, చిల్లర తీసి, రెండుసార్లు లెక్క చూసుకుని, మూడువందల పదిహేను రూపాయలు ఇచ్చాడు.